తొలి లీలావతి ఎవరు?

పాలకుర్తి మండలంలోని బమ్మెరను పోతన ఊరుగా మా ప్రాంతం భావిస్తుంది. ఆయన భాగవతంలోని సప్తమ స్కంధం ప్రహ్లాద చరిత్ర. తెలుగు మాట్లాడిన తొలి పూర్తి నిడివి చిత్రానికీ ఆ ప్రహ్లాదుడి కథే వస్తువైంది. 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైన ‘భక్త ప్రహ్లాద’లో హిరణ్యకశిపుడి భార్య లీలావతిగా నటించిన స్త్రీ సురభి కమలాబాయి. తెలుగు టాకీకి ఆమె తొలి నాయిక. పోటీ పరీక్షలకు చదివే విద్యార్థులు ఈ పేరును ఒక మార్కు ప్రశ్నకు జవాబుగా కంఠస్థం చేస్తారు. ఆ ఒక్క మార్కు వెనుక ఉన్న సామాజిక చరిత్రను ఏ గైడూ చెప్పదు. కమలాబాయి ఏ సమూహం నుంచి తెర మీదికి వచ్చారు? ఆ దారి ఆమెకు ఎందుకు తెరుచుకుంది? అవే కథలను ఊరూరా ఆడిన మరికొందరు స్త్రీలకు ఎందుకు తెరుచుకోలేదు? ఇవి సినిమా ప్రశ్నలుగా కనిపిస్తున్నా, నా దృష్టిలో కులం ప్రశ్నలే.

సురభి కడప జిల్లాలోని ఒక ఊరు. 1885లో వనారస గోవిందరావు అక్కడ ‘కీచక వధ’ ఆడించిన నాటి నుంచి ఆ ఊరి పేరు ఒక నాటక వంశానికి ఇంటిపేరైంది. మరాఠీ మూలాలున్న ఈ ఆరె కుటుంబాలు అంతకుముందు తోలుబొమ్మలాటతో బతికాయి. తోలుబొమ్మల వెనుక నిలబడి పాడిన గొంతులే తర్వాత ముఖానికి రంగు పూసుకొని ప్రేక్షకుల ముందుకు వచ్చాయి. ఈ సంచార కుటుంబాలకు నాటకమే సేద్యం, డేరాయే ఇల్లు. ఇంటిల్లిపాదికీ అదే వృత్తి కావడంతో ఆడవేషాలు ఆడవాళ్లే కట్టారు. నెలలు నిండిన తల్లి దమయంతి వేషంలో ఉండగా రంగస్థలం మీదే కమలాబాయి పుట్టారని సురభి వారు చెప్పుకుంటారు. పసితనంలో బాలపాత్రలతో మొదలైన ఆమె నటన యౌవనంలో స్త్రీ పాత్రలకే పరిమితం కాలేదు. పురుష పాత్రలనూ ధరించారు.

అదే కాలంలో పట్టణాల రంగస్థలం మరో నీతిని పాటించింది. స్థానం నరసింహారావు సత్యభామగా, చిత్రాంగిగా వేదిక మీదికి వస్తే సభలు పరవశించాయి. 1956లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ మహానటుడి ప్రతిభ గురించి నాకు రెండో అభిప్రాయం లేదు. ఆయనకు చప్పట్లు కొట్టిన సమాజాన్నే ఇక్కడ ప్రశ్నించాలి. పురుషుడు స్త్రీ వేషం కడితే అది కళ అయింది. స్త్రీ అదే వేషం కడితే ఆమె శీలం చర్చకు వచ్చింది. 1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో సమర్పించిన పత్రంలో అంబేడ్కర్ కులానికి ప్రాణం స్వకుల వివాహమేనని, దాన్ని కాపాడుకోవడానికే స్త్రీల మీద కఠినమైన ఆచారాలు విధించబడ్డాయని నిరూపించారు. ఇంటి ఆడదాన్ని నలుగురి కంట పడకుండా ఉంచగలగడం అగ్రకుల గౌరవానికి కొలమానమైనప్పుడు, నలుగురి ముందు పాడి ఆడి బతికే స్త్రీ ఆ గౌరవానికి వెలుపలే మిగిలిపోతుంది. నాటకాలమ్మాయి అన్న మాట తిట్టుగా మారింది ఈ కారణం చేతనే.

టాకీ వచ్చేసరికి ఈ గౌరవ వ్యవస్థకు ఒక చిక్కు ఎదురైంది. 1931 మార్చిలో ‘ఆలం ఆరా’ విడుదల చేసిన అర్దేషిర్ ఇరానీ తెలుగులోనూ మాట్లాడే చిత్రం తీయదలచి, దర్శకత్వాన్ని హెచ్.ఎం. రెడ్డికి అప్పగించారు. అప్పటికి నేపథ్య గానం లేదు. కెమెరా ముందు నిలిచిన వ్యక్తే పాడాలి, పద్యం చదవాలి, మాట స్పష్టంగా పలకాలి. ఇందుకు ఏళ్ల తరబడి సాధన కావాలి. గౌరవనీయమైన ఇళ్లు తమ ఆడపిల్లలకు నిషేధించిన విద్యే ఇప్పుడు పరిశ్రమకు పెట్టుబడి అయింది. ఆ విద్య సురభి డేరాల్లో ఉంది, కళావంతుల ఇళ్లలో ఉంది, నాటక సమాజాల్లో ఉంది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా తీసిన ఆ చిత్రానికి మన ఖమ్మం ప్రాంతపు జక్కేపల్లికి చెందిన చందాల కేశవదాసు పాటలు రాశారు. లీలావతిగా కమలాబాయి వచ్చారు. సమాజం చిన్నచూపు చూసిన నైపుణ్యం మీదనే తెలుగు సినిమా పునాది లేచింది. ఆ పునాది రాళ్లలో ఎన్నింటికి పేర్లు మిగిలాయి?

కథ ఇక్కడ ఆగితే అది ఒక సంచార కళాకారిణి విజయగాథ అవుతుంది. ఇంకొక మెట్టు కిందికి దిగాలి. పాలకుర్తి, దేవరుప్పుల పరిసరాల్లో చిందు యక్షగానం ఆడే కుటుంబాలు ఉన్నాయి. చిందు వారు మాదిగలకు ఆశ్రిత కులం. జాంబపురాణంతో పాటు హరిశ్చంద్ర, ప్రహ్లాద వంటి కథలు వారి ఆటల్లో భాగం. ఇక్కడా ఇంటిల్లిపాదీ కళాకారులే. స్త్రీలు వేషం కడతారు, పాడతారు, అడుగు వేస్తారు. నిజామాబాద్ ప్రాంతపు చిందుల ఎల్లమ్మ స్త్రీ పాత్రలతో పాటు పురుష పాత్రలనూ ధరించి జీవితాంతం ఆ కళనే శ్వాసించారు. కమలాబాయికి ఉన్న వారసత్వ విద్య, ఊరూరా తిరిగే జీవితం, పద్యం పట్టు, పురుష వేషం కట్టగల ధైర్యం, అన్నీ ఎల్లమ్మకూ ఉన్నాయి. మారింది కులం ఒక్కటే. సురభి వారు పేదలు, సంచారులు, కానీ అంటరానివారు కారు. వారి డేరాలోకి అన్ని కులాల ప్రేక్షకులూ టిక్కెట్టు కొని వచ్చారు. చిందు వారి ఆటకు ఆధారం టిక్కెట్టు కాదు, మాదిగ గూడెం మీద వారికున్న మిరాశీ హక్కు. టిక్కెట్టు కొనే ప్రేక్షకుడి నుంచి సినిమా టాకీసుకు దారి పడింది. గూడెం నుంచి పడలేదు. ఒకే లీలావతి వేషానికి రెండు గమ్యాలు ఏర్పడింది ఇలాగే.

తర్వాతి కాలంలో కమలాబాయి ప్రస్థానం కూడా గమనించదగింది. ఆమె బొంబాయి హిందీ చిత్రాల్లోనూ నటించారు. 1951లో విజయా వారి ‘పాతాళ భైరవి’ వచ్చేనాటికి ఆమె తోటరాముడి తల్లి. తొలి టాకీలో రాక్షస రాజు పట్టమహిషి, రెండు దశాబ్దాల తర్వాత తోటమాలి ఇంటి ఇల్లాలు. వయసు పెరిగిన నటికి తల్లి పాత్ర రావడం వింత కాదు. కానీ ఆ చిత్ర కథనే ఒకసారి కులం కళ్లతో చూడండి. తోటమాలి కొడుకు రాకుమారిని ప్రేమిస్తాడు. రాజు అడిగేది ఐశ్వర్యం. పాతాళ భైరవి కరుణతో అది దొరికితే పెళ్లికి అడ్డు తొలగుతుంది. డబ్బుతో పుట్టుకను అధిగమించవచ్చునన్న ఈ ఊహ ప్రేక్షకులకు అమితంగా నచ్చింది. అది ఊహ మాత్రమేనని కమలాబాయి తరం కళాకారులకు తెలియనిదేమీ కాదు.

అంతకుముందు 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీశారు. బ్రాహ్మణ యువకుడు దళిత యువతిని ప్రేమించే ఆ కథ చలం రాసింది. మాటలు తాపీ ధర్మారావువి. సంస్కరణోద్యమ చరిత్రలో ఆ చిత్రం స్థానం చిన్నది కాదు. నిర్మాణ సంస్థకు వెన్నుదన్ను చల్లపల్లి జమీందారు. నాయిక పాత్రలో అప్పటి మేటి తార కాంచనమాల. దళిత స్త్రీ బతుకు కథావస్తువుగా తెర మీదికి చేరింది. దళిత స్త్రీ నటిగా, రచయితగా, నిర్మాతగా చేరడం వేరే సంగతి. పాత్రకు ప్రవేశం ఇవ్వడానికి, మనిషికి ప్రవేశం ఇవ్వడానికి మధ్య ఉన్న దూరాన్ని ఆ సంస్కరణ సినిమా దాటలేకపోయింది.

ఈ దూరాన్ని అమెరికా ఎలా కొలిచిందో విద్యార్థులు తెలుసుకోవాలి. హాలీవుడ్ స్వర్ణయుగపు నటి హ్యాటీ మెక్‌డానియెల్ తల్లిదండ్రులు బానిసత్వంలో పుట్టినవారు. ‘గాన్ విత్ ద విండ్’లో ఆమె దాసి పాత్ర వేశారు. 1939 డిసెంబరు 15న అట్లాంటాలో జరిగిన తొలి ప్రదర్శనకు, అక్కడి వర్ణ విభజన చట్టాల వల్ల ఆమె హాజరు కాలేకపోయారు. 1940 ఫిబ్రవరి 29న ఉత్తమ సహాయ నటిగా ఆస్కార్ అందుకున్న తొలి నల్లజాతి వ్యక్తి ఆమె. ఆ రాత్రి కూడా సహనటుల బల్ల దగ్గర ఆమెకు కుర్చీ లేదు, గోడ పక్కన వేరే బల్ల వేశారు. 1952లో మరణించినప్పుడు ఆమె కోరుకున్న హాలీవుడ్ శ్మశానవాటిక ఆమె దేహాన్ని అనుమతించలేదు. నల్లజాతి స్త్రీకి ఉత్తమ నటి ఆస్కార్ రావడానికి 2002 దాకా, హాలీ బెర్రీ దాకా ఆగాల్సి వచ్చింది.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ కేరళలో ఉంది. మూకీల కాలంలో ‘విగతకుమారన్’లో నాయర్ స్త్రీగా నటించిన దళిత యువతి పి.కె. రోసీని అగ్రకుల ప్రేక్షకులు సహించలేదు. తెర మీద రాళ్లు పడ్డాయి. ఆమె ఊరు విడిచి తమిళ ప్రాంతానికి వెళ్లిపోయి అజ్ఞాతంగా బతకాల్సి వచ్చింది. మెక్‌డానియెల్‌కు తెరపై దాసి పాత్రలే దక్కాయి. రోసీ తెరపై అగ్రకుల స్త్రీ అయినందుకే శిక్షకు గురయ్యారు. వర్ణం ఒకరి పాత్రను నిర్ణయిస్తే, కులం మరొకరి ఉనికినే చెరిపేసింది.

తెలుగు నేల మీద రోసీ వంటి ఘటన జరగలేదని కొందరు ఊరట చెందవచ్చు. నాకు ఆ ఊరట లేదు. గడప దగ్గరికే రానివ్వనప్పుడు రాయి విసరాల్సిన అవసరం ఉండదు. అమెరికాలో మెక్‌డానియెల్‌కు జరిగిన అవమానాన్ని అక్కడి నల్లజాతి పత్రికలు, పౌరహక్కుల సంఘాలు, విశ్వవిద్యాలయాలు నమోదు చేశాయి. తెలుగు సినిమా చరిత్రల్లో విడుదల తేదీలు, వసూళ్లు, వంశవృక్షాలు ఉన్నాయి. ఏ కులాల స్త్రీల విద్యతో పరిశ్రమ మొదలైంది, ఏ కులాల చేతుల్లోకి స్టూడియోలు, థియేటర్లు చేరాయి అన్న విచారణ మాత్రం పుస్తకాల అంచుల్లోనే ఉండిపోయింది.

ఈ విచారణకు పాలకుర్తి కంటే తగిన చోటు నాకు తోచదు. ఈ ఊరి పేరును ఇంటిపేరుగా మోసిన సోమనాథుడు బసవ పురాణంలో చాకలి మాచయ్యకు, మాదార చెన్నయ్యకు భక్తుల వరుసలో అగ్రస్థానం ఇచ్చాడు. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను కాపాడుకున్న ఐలమ్మ ఇక్కడి మనిషి. 1985లో ఆమె మరణించాక, ఆ పేరు ప్రభుత్వ గుర్తింపు పొంది, 2024లో హైదరాబాద్ మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టేదాకా దశాబ్దాల పోరాటం అవసరమైంది. జ్ఞాపకం కూడా భూమి వంటిదే. దున్నినవారు అడగకపోతే మరొకరి పట్టా అవుతుంది.

పొరుగునే ఉన్న అప్పిరెడ్డిపల్లి చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఆనందం మా అందరిదీ. ఆయనతో పాటు వేషం కట్టిన స్త్రీల పేర్లు ఎక్కడ నమోదయ్యాయని కూడా అడగాలి. విశ్వవిద్యాలయాల రంగస్థల శాఖలు చిందు, సురభి స్త్రీల గొంతులను వారి పేర్లతో, వారి మాటల్లో భద్రపరచాలి. ప్రవేశాల్లో ఆ కుటుంబాల ఆడపిల్లలకు చోటు, బోధనలో ఆ కళాకారిణులకు గురుస్థానం ఇవ్వాలి. సినిమా చరిత్ర పాఠంలో కమలాబాయి పక్కన ఎల్లమ్మ పేరు రావాలి. ‘భక్త ప్రహ్లాద’ ప్రతి నేడు లభ్యం కాదు. తొలి తెర లీలావతిని మనం ఇక చూడలేం. గూడెం వాకిట లీలావతి వేషం కట్టిన స్త్రీలు మాత్రం ఇంకా మన మధ్యే ఉన్నారు. వారి దగ్గరికి నోటుపుస్తకం పట్టుకొని వెళ్లే విద్యార్థులు ఎందరన్నదే ఇప్పుడు ప్రశ్న.