చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం

1980లో బంగ్లాదేశ్ పల్లెల్లో ఒక కొత్త ఉద్యోగం పుట్టింది. చేసేవాళ్లంతా ఆడవాళ్లు. ఇంటింటికీ వెళ్లి, పసివాడికి నీళ్ల విరేచనాలు పట్టుకుంటే ఏం చెయ్యాలో తల్లికి నేర్పి రావడం వాళ్ల పని. ఎన్ని గడపలు తొక్కారన్నదొక్కటే చూసి డబ్బు ఇచ్చేవారు కాదు. కొన్నాళ్లు పోయాక ఇంకో ఉద్యోగి అదే ఊరికి వచ్చి, తనకు తోచిన కొన్ని ఇళ్లు ఎంచుకుని, “ఆమె ఏం చెప్పి వెళ్లిందమ్మా? ఏదీ, ఒకసారి కలిపి చూపించు” అని అడిగేవాడు. తల్లికి ఎన్ని సంగతులు గుర్తుంటే నేర్పినామెకు ఆ లెక్కన డబ్బు ముట్టేది. తల్లి మరిచిపోతే ఇక్కడ జీతం తెగేది. ఆ తల్లి కలిపిన నీళ్లలో ఉప్పు సరిగ్గా పడిందో లేదో లాబొరేటరీలో పరీక్షించేవారు కూడా.

ఈ పద్ధతి పెట్టింది ఫజ్లే హసన్ అబెద్ 1972లో మొదలుపెట్టిన బ్రాక్ సంస్థ. 1979లో సుల్లా ప్రాంతంలో చిన్నగా ప్రయత్నించి చూసి, 1980 నుంచి 1990 దాకా దేశమంతా తిరిగి, సుమారు కోటీ ఇరవై లక్షల ఇళ్లలో తల్లులకు ఒక్కొక్కరికీ ఎదురుగా కూర్చుని నేర్పించారు. వాళ్లు నేర్పింది ఒక్కటే విద్య. ఉప్పూ బెల్లమూ నీళ్లలో ఎంతెంత కలపాలి, ఎలా తాగించాలి.

అంత చిన్న విషయానికి అంత హంగామా ఎందుకంటే, విరేచనాలతో పోయే పిల్లల్లో ఎక్కువమంది ప్రాణం తీసేది నేరుగా జబ్బు తెచ్చిన క్రిమి కాదు. ఒంట్లోంచి నీరు, లవణాలు పోవడం. కలరాలో ఈ సంగతి స్పష్టంగా కనిపిస్తుంది. కలరా క్రిమి విడిచే విషం పేగు గోడలోని కణాలను తప్పుదారి పట్టిస్తుంది. అవి క్లోరైడును ధారగా పేగులోకి వదులుతాయి, దాని వెంట సోడియం, ఆ రెంటి వెంట నీరు. పెద్దమనిషికి కూడా గంటల్లో కళ్లు లోతుకు పోతాయి, నాడి అందదు. అప్పుడు ఉత్త నీళ్లు ఎన్ని తాగించినా పెద్దగా ఉపయోగం ఉండదు. అవి ఒంటికి పట్టవు.

అయితే అదే పేగు గోడలో ఇంకో వాకిలి ఉంది. అది ఒక ప్రొటీను. ఒక గ్లూకోజు అణువు, రెండు సోడియం అయాన్లు కలిసి వచ్చినప్పుడే వాటిని లోపలికి తీసుకుంటుంది. గ్లూకోజు విడిగా వస్తే పని జరగదు, సోడియం విడిగా వచ్చినా జరగదు. అవి లోపలికి పోతే నీరు వాటి వెంట పోతుంది. కలరా విషం ఈ వాకిలి జోలికి పోదు. ఒక పక్క నీరు కారిపోతున్నా, ఇంకో పక్క నుంచి నీరు ఎక్కించుకునే శక్తి పేగుకు చెక్కుచెదరకుండా ఉంటుంది. గ్లూకోజూ సోడియమూ జతగానే పేగులోంచి లోపలికి వెళ్తాయన్న ఊహను 1960లో ప్రాగ్ సమావేశంలో రాబర్ట్ క్రేన్ ముందుకు తెచ్చాడు. 1968లో ఢాకాలోని కలరా పరిశోధన కేంద్రంలో డేవిడ్ నాలిన్, రిచర్డ్ క్యాష్ దాన్ని కలరా రోగుల మీద చూపించారు. నోటితో తాగించే ద్రావణంతో సెలైన్ అవసరం చాలామటుకు తగ్గింది.

మూడేళ్లకు ఆ సంగతికి అసలు పరీక్ష వచ్చింది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షల మంది సరిహద్దు దాటి పశ్చిమ బెంగాల్‌కు వచ్చారు, శిబిరాల్లో కలరా పాకింది. బన్‌గావ్ ఆస్పత్రి గదుల్లో నేల మీద కూడా చోటు లేదు, సెలైన్ సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తూచి పొట్లాలు కట్టించి, డ్రముల్లో నీళ్లలో కలిపించి, తాగించే పని రోగుల పక్కనున్న వాళ్లకే అప్పగించాడు. తల్లులు, అన్నదమ్ములు, ఎవరుంటే వాళ్లు గిన్నెలు పట్టుకుని తాగించారు. నర్సులు లేరు కాబట్టి వేరే దారి లేక చేసిన పని అది. నూటికి ముప్పై దాకా ఉన్న మరణాలు ఆయన చూసిన చోట నాలుగు లోపుకు దిగాయి. మందు ఎంత పనిచేసిందో, పక్కన కూర్చుని మానకుండా తాగించిన చుట్టాల చెయ్యీ అంత పనిచేసిందని నాకనిపిస్తుంది. 2022లో ఆయన పోయాక, 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. కాస్త ముందే ఇచ్చి ఉంటే బాగుండేది.

మళ్లీ బ్రాక్ దగ్గరికి వద్దాం. పొట్లాలు పంచడం తేలికే కదా, గుప్పెళ్లతో కొలవడం నేర్పడమెందుకు? అప్పటి బంగ్లాదేశ్‌లో ఊరూరికీ పొట్లాలు చేర్చేంత తయారీ లేదు, వానాకాలం దారులూ ఉండేవి కావు. ఇంట్లో కొలత చెంచాలు లేవు. ఉప్పు, బెల్లం, చెయ్యి మాత్రం ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. అందుకని మూడు వేళ్లతో తీసిన చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అరసేరు నీళ్లు అని కట్టారు. అరసేరంటే దాదాపు అర లీటరు. ఒక్కో ఇంట్లో ఒక్కో గిన్నె కాబట్టి, ఆ ఇంటి గిన్నెలోనే అరసేరు ఎంతవరకు వస్తుందో చూసి గుర్తు పెట్టేవారు. బెల్లంలో కాస్త పొటాషియం కూడా ఉంటుంది, అదొక లాభం.

ఉప్పు దగ్గరే భయమంతా. తక్కువైతే పెద్దగా ఫలితం ఉండదు, ఎక్కువైతే పసివాడి రక్తంలో సోడియం పెరిగి ఫిట్స్ రావచ్చు. తల్లి కలిపిన నీళ్లను లాబొరేటరీకి పంపింది అందుకే. ఆరోగ్య ప్రచారంలో ఇంత పట్టింపు నేను ఇంకెక్కడా చూడలేదు. మన దగ్గర ఏదో ఒక దినం రాగానే బడిపిల్లలకు ప్లకార్డులిచ్చి ఊరేగిస్తాం, ఫ్లెక్సీ కడతాం, ఫొటో తీస్తాం. నెల తరవాత ఆ వీధిలో ఒక తల్లినైనా అడిగి చూసే పద్ధతి లేదు.

ఇంతా చేశాక బ్రాక్‌కు ఎదురుదెబ్బ తగిలింది. తల్లులు అడిగిందల్లా అప్పజెప్పేవారు, సరిగ్గా కలిపి చూపించేవారు. తీరా పిల్లాడికి విరేచనాలైతే మాత్రం కలిపేవాళ్లు బాగా తక్కువ. ఎందుకని తవ్వి చూస్తే మూడు సంగతులు బయటపడ్డాయి.

మొదటిది, ఆ తల్లుల లెక్కలో విరేచనాలు ఒక జాతి కాదు. పాలు పడక అయ్యేవి వేరు, అజీర్తివి వేరు, జిగటగా అయ్యేవి వేరు, కలరాలా నీళ్లు నీళ్లుగా పోయేవి వేరు. నేర్పినామె వాడిన మాట ఆ చివరి జాతిదే కాబట్టి, దానికి మాత్రమే ఈ నీళ్లు పనికొస్తాయనుకున్నారు. అసలు అలాంటివి వచ్చేదే అరుదు. మన పల్లెల్లోనూ పళ్లొచ్చేటప్పుడు అయ్యే విరేచనాలకు మందెందుకని వదిలేసేవాళ్లు, దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తీసేవాళ్లు కొల్లలు.

రెండోది మరీ ఇబ్బందికరమైనది. నేర్పేవాళ్లలోనే చాలామందికి ఆ ఉప్పుబెల్లం నీళ్ల మీద నమ్మకం లేదు. తమకు విరేచనాలైతే వాళ్లూ మాత్రలే మింగేవారు. దాంతో వాళ్లను ఢాకాలోని కలరా ఆస్పత్రికి తీసుకెళ్లి, నీరసించి వచ్చినవాళ్లు లేచి కూర్చోవడం కళ్లారా చూపించారు. పల్లెల్లో తాము కలిపిన నీళ్లు ముందు తామే తాగి చూపించడం కూడా అలవాటు చేశారు.

మూడోది మగవాళ్లు. తల్లికి నేర్పారు సరే, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలా వద్దా అని తేల్చే తండ్రికి ఎవరూ చెప్పలేదు. తరవాతి విడతల్లో బజార్లలో, మసీదుల దగ్గర, బడుల్లో మగవాళ్లను కూడేసి చెప్పారు. ఊరి వైద్యులనూ పిలిచారు. వాడకం పెరగడం మొదలైంది అప్పటినుంచే.

మన వైపు సంగతి చూద్దాం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో విరేచనాలైన పిల్లల్లో ఈ ద్రావణం పొట్లం, అంటే ఓఆర్‌ఎస్, అందింది నూటికి 60 మందికి. అంతకుముందు సర్వేలో 50. ఇంత పాత, ఇంత చవకైన మందు ఇప్పటికీ నూటికి నలభై మందికి అందడం లేదు. పొట్లం దొరకకనా? ఆశ కార్యకర్త సంచిలో ఉంటుంది, సబ్ సెంటర్లో ఉంటుంది, మెడికల్ షాపుల్లోనూ ఉంటుంది. 2014 నుంచి ఏటా వానాకాలంలో ప్రత్యేక కార్యక్రమం పెట్టి, ఐదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లకు ఆశ కార్యకర్తలే తీసుకెళ్లి ఇస్తున్నారు.

కర్ణాటక, బిహార్ పట్టణాల్లో చేసి 2024లో ‘సైన్స్’ పత్రికలో అచ్చైన పరిశోధన దీనికి మంచి జవాబిచ్చింది. రెండేళ్ల పిల్లాడికి విరేచనాలని చెప్పుకుంటూ కొందరు, తండ్రుల వేషంలో, ప్రైవేటు వైద్యుల దగ్గరికి వెళ్లారు. వాళ్లలో కొందరు ఓఆర్‌ఎస్ పొట్లం బొమ్మ చూపించి, పోయినసారి ఇది వాడామన్నారు. అలా చూపించిన చోట ఓఆర్‌ఎస్ ఇచ్చిన వైద్యులు దాదాపు రెట్టింపయ్యారు, నూటికి 27 మంది పెరిగారు. సరుకు కొరత తీర్చడం వల్ల గానీ, మందులమ్మితే వచ్చే లాభాన్ని పక్కన పెట్టడం వల్ల గానీ అంత తేడా రాలేదు. అంటే ఓఆర్‌ఎస్ మంచిదని వైద్యుడికి తెలుసు. వచ్చినవాళ్లు దాన్ని మందుగా ఒప్పుకోరనుకుంటాడు. మన ఆర్‌ఎంపీ డాక్టర్ల దగ్గర జరిగేదీ ఇదే. “గ్లూకోజ్ ఎక్కించండి, సూదెయ్యండి” అని తండ్రి అడుగుతాడు, ఆయన వేస్తాడు. పొట్లం చేతిలో పెట్టి పంపితే ఇదేం వైద్యమంటారని ఆయన భయం. ఓఆర్‌ఎస్ ఇవ్వండని తల్లి నోరు తెరిచి అడిగితే, ఆ గదిలో చీటీ మారే అవకాశం బాగా పెరుగుతుంది.

అడిగినా సరైనదే చేతికి రావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుంచి చెబుతున్న మోతాదులో లీటరు నీళ్లకు గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, కొద్దిగా పొటాషియం క్లోరైడు, సిట్రేటు ఉంటాయి. చక్కెర దీనికి ఎన్నో రెట్లు ఉండే తియ్యటి పానీయం తాగిస్తే, ఆ చక్కెర ఒంట్లోని నీటిని తిరిగి పేగులోకి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. ఇలాంటి పానీయాలనే డబ్బా మీద ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు కనిపించేలా పేర్లు పెట్టి అమ్ముతున్నారని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు, తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యం కూడా వేశారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. షాపులో పొట్లం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ మోతాదు అని ఉందో లేదో చూసుకోవాలి.

పొట్లమంతా ఒకేసారి, దాని మీద రాసిన కొలత నీళ్లలోనే కలపాలి. లీటరు పొట్లాన్ని గ్లాసుడు నీళ్లలో కలపడం మన ఇళ్లలో రోజూ జరిగే తప్పు, అది చిక్కబడి ఉప్పగా తయారవుతుంది. ఒకరోజు దాటితే పారబోసి కొత్తది కలపాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపకూడదు. లంఖణం పరమౌషధం అన్న సామెత పసిపిల్లల విషయంలో ప్రమాదం. ఆర్నెల్లు దాటిన బిడ్డకు ఉప్పేసిన పల్చటి గంజి మంచిదే. అన్నంలోని పిండిపదార్థం పేగులో నెమ్మదిగా గ్లూకోజుగా విడిపోతుంది, చక్కెరలా నీటిని లాగదు. కానీ నీరసించిన బిడ్డకు గంజి ఓఆర్‌ఎస్ బదులు కాదు. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, పొట్ట మీద చర్మం పట్టుకుని వదిలితే ముడత వెంటనే పోకపోయినా, విరేచనంలో రక్తం పడినా ఇక ఇంట్లో కూర్చోకూడదు. దారిలో కూడా తాగిస్తూనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

ఓఆర్‌ఎస్‌తో పాటు ఇవ్వాల్సిన జింకు సంగతి ఇంకా వెనకబడి ఉంది. అదే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో జింకు అందింది నూటికి 30 మందికే. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల మధ్య బిడ్డకు 10, పద్నాలుగు రోజులపాటు వెయ్యాలి. అది పేగు గోడను త్వరగా మాన్పుతుంది, తరవాతి నెలల్లో మళ్లీ విరేచనాలు రాకుండా కాపాడుతుంది. చిక్కల్లా ఏమిటంటే, విరేచనాలు మూడో రోజుకో నాలుగో రోజుకో ఆగిపోతాయి, దాంతో మాత్రలూ ఆగిపోతాయి. తగ్గిన జబ్బుకు ఇంకా మందెందుకని అత్తగారు అడిగితే చెప్పుకోవడానికి కోడలి దగ్గర జవాబుండాలి. కాబట్టి ఆశ కార్యకర్త ఆ ఇంటికి వెళ్లాల్సింది పొట్లం ఇచ్చిన రోజు ఒక్కటే కాదు. వారం పోయాక ఇంకోసారి వెళ్లి, షీటులో ఎన్ని మాత్రలు మిగిలాయో చూసి, అత్తాకోడళ్లను ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడాలి.