వంశనిర్ణయమున ఛాయాచిత్రము, బంధువాక్యము: ప్రమాణవిచారము

మహాలయపక్షమున తర్పణము చేయుచు మా తండ్రిగారు పితృవ్యుల నిద్దరినే పేర్కొనెడివారు. మా యింటి పాత ఛాయాచిత్రమున మాత్రము మా పితామహునితో కూడ యువకులు నలుగురు కలరు. ఆ నాలుగవవాడును సోదరుడేయనియు, కలహించి యిల్లు విడిచెననియు మా యింట ప్రతీతి. ఈ సంశయము తీరిన క్రమమును ప్రమాణదృష్టితో నిట వివరించుచున్నాను.

ముఖసాదృశ్యముచే అతనిని సోదరుడని అనుమానింపవచ్చును. కాని మేనమామ కుమారునియందును అట్టి పోలిక యుండవచ్చును గాన ఆ హేతువు సవ్యభిచారము. చిత్రము ఒకడు కలడని చెప్పును, ఎవడో చెప్పజాలదు.

అందుకు ఆప్తవాక్యము కావలెను. మా పితామహుని సోదరి సంతతిలోని యొక వృద్ధురాలు, అతడు సోదరుడేయనియు, బాల్యముననే వేరొక గోత్రమువారికి దత్తుడయ్యెననియు తెలిపినది. దత్తునకు జనకుని గోత్రరిక్థములు చెందవని మనుస్మృతి నవమాధ్యాయము చెప్పుచున్నది. కావున తర్పణమున అతని పేరు లేకుండుటకు శాస్త్రమే కారణము, కలహము కాదు.

ఆమె చెప్పిన యింటిపేరు ననుసరించి వెదకగా, అతని మనుమల యింట అదే చిత్రపు మరియొక ప్రతి లభించినది. దాని వెనుక నలుగురి పేర్లును వ్రాయబడియున్నవి. వాక్యమునకు ప్రత్యక్షముతో సంవాదము కుదిరినది.

వంశావళిలో పేరు లేకుండుట వ్యక్తి లేడనుటకు ప్రమాణము కాదు. పురుషపరంపరను మాత్రమే వ్రాసిన వంశవృక్షమున దొరకనిది ఆడుబిడ్డల సంతతివారి స్మృతిలో దొరకవచ్చును. అట్టి వృద్ధులుండగనే అడిగి, చిత్రముల వెనుక పేర్లు వ్రాసియుంచవలెను. నిరపరాధిపై మూడు తరములుగా నిలిచిన నింద మా యింట ఇట్లు తొలగినది.