సూనియన్ అగ్రం

గ్రీసు దేశంలోని అట్టికా ప్రాంతం దక్షిణానికి పోయేకొద్దీ సన్నబడి, చివరకు ఒక రాతికొనగా సముద్రంలోకి చొచ్చుకొని పోతుంది. ఆ కొన పేరు సూనియన్. ఏథెన్స్ నగరం నుండి అది సుమారు 70 కిలోమీటర్లు. మూడు వైపుల నీరు, అరవై మీటర్ల ఎత్తున నిట్రమైన శిలాగ్రం, దానిపై సముద్రాధిదేవత పొసైడన్ ఆలయ స్తంభాలు. హోమర్ తన ఒడిస్సీ కావ్యంలో ఈ స్థలాన్ని పవిత్రమైన అగ్రంగా పేర్కొన్నాడు. కనుక నేటి ఆలయం లేవక ముందే ఈ చోటు నావికులకు పూజ్యం.

ఏథెన్స్‌కు వచ్చిన యాత్రికులలో అధికులు సాయంకాలం పెద్ద బస్సులలో ఇక్కడికి చేరి, సూర్యాస్తమయం చూచి, ఛాయాచిత్రాలు తీసుకొని మరలిపోతారు. ఒక కుటుంబమో, నలుగురు మిత్రులో కలిసి కారును, గైడును కుదుర్చుకొని ఉదయమే బయలుదేరడం మరొక పద్ధతి. దీనికి వ్యయం ఎక్కువే. అయినా, ఆ దేశంలో పురావస్తు స్థలాలను వివరించే గైడుకు ప్రత్యేక శిక్షణ, ప్రభుత్వ లైసెన్సు ఉండాలనే నియమం ఉన్నందువల్ల, చెల్లించిన ధనానికి తగిన విజ్ఞానం లభిస్తుంది.

తీరం వెంట సాగే దారిలో ప్రతి గైడూ చెప్పే కథ ఒకటి ఉంది. ఏథెన్స్ రాజు ఏజియస్ కుమారుడు థీసియస్. క్రీటు ద్వీపంలోని వృషభముఖ రాక్షసుణ్ణి వధించడానికి వెళుతూ, విజయుడనై వస్తే ఓడకు తెల్లని తెరచాప కడతానని తండ్రికి మాట ఇచ్చాడు. గెలిచాడు గాని మాట మరిచాడు. నల్లని తెరచాపను దూరం నుండి చూచిన వృద్ధరాజు పుత్రుడు మరణించాడని తలచి సూనియన్ శిఖరం నుండి సముద్రంలోకి దూకాడు. ఆ సముద్రమే ఏజియన్ అయింది. కథ ఇక్కడితో ముగించే గైడు సామాన్యుడు. క్రీ.శ. 2వ శతాబ్దపు యాత్రాగ్రంథకర్త పౌసేనియస్ మాత్రం రాజు దూకినది ఏథెన్స్ దుర్గం నుండేనని రాశాడని కూడా చెప్పేవాడు ఉత్తముడు.

ఇక ఆలయం. ఇంతకు పూర్వం ఇక్కడ నిర్మాణంలో ఉన్న ఆలయాన్ని క్రీ.పూ. 480లో పారశీక సేనలు ధ్వంసం చేశాయి. అదే సంవత్సరం సలామిస్ నౌకాయుద్ధంలో గ్రీకులు గెలిచి, పట్టుకొన్న శత్రునౌకలలో ఒకదానిని సూనియన్‌లో దేవుడికి కానుకగా సమర్పించారని హెరొడోటస్ రాశాడు. నేడు మనం చూసే కట్టడం క్రీ.పూ. 444-440 ప్రాంతంలో, పెరిక్లిస్ కాలంలో లేచింది. ముందు ఆరు, పక్కన పదమూడు చొప్పున చుట్టూ 34 స్తంభాలు. వాటిలో సగానికి తక్కువే నిలిచి ఉన్నాయి. నిలిచినవాటిలోనూ కొన్నింటిని పండితులు తిరిగి నిలబెట్టారు.

గైడు మొదట స్తంభం మీది నిలువు గాళ్లను లెక్కించమంటాడు. ఈ శైలికి చెందిన స్తంభాలకు సాధారణంగా ఇరవై ఉండాలి. ఇక్కడ పదహారే ఉన్నాయి. గాళ్లు తక్కువైతే వాటి నడిమి అంచులు దళసరిగా ఉండి ఉప్పుగాలికి త్వరగా అరగవని ఒక ఊహ. రాయి సమీపంలోని అగ్రిలేజా లోయది. ఇనుము దాదాపు లేనందున, ఏథెన్స్ కట్టడాల పాలరాయి వలె కాలక్రమాన పసుపుబారక ఇది తెల్లగానే ఉండిపోయింది. ఓడలకు ఎంతో దూరం నుండి ఆలయం కనిపించడానికి ఈ తెలుపు తోడ్పడింది. మన దేవాలయాల వలె భక్తులు లోనికి ప్రవేశించి పూజించే ఆచారం గ్రీకులలో లేదు. గర్భాలయం విగ్రహానికి నివాసం. బలులు, ప్రార్థనలు బయటి వేదిక వద్దనే. ఒక రాతిపై ఆంగ్లకవి బైరన్ పేరు చెక్కి ఉంది. చెక్కినది ఆయనే అయితే, మహాకవి చేసినా అది చెడ్డ పనే.

ఆలయం నుండి వెలుపలికి వచ్చేటప్పుడు ఉత్తరాన ఒక పాత కోటగోడ శిథిలాలు కనిపిస్తాయి. క్రీ.పూ. 412 ప్రాంతంలో, ధాన్యపు ఓడల రక్షణకై ఏథెన్స్ ప్రజలు ఈ అగ్రానికి కోట కట్టారు. ఆ గోడను గుర్తుంచుకోవాలి.

మధ్యాహ్నం లావ్రియన్ కొండలకు వెళ్లని యాత్ర సగం యాత్రే అని నా అభిప్రాయం. సూనియన్‌కు కొద్ది దూరంలోనే ఉన్న ఈ కొండలలో సీసంతో కలిసిన వెండి ఖనిజం దొరికేది. క్రీ.పూ. 483లో కొత్తగా బయటపడిన వెండిని ప్రజలు పంచుకోవాలని చూడగా, థెమిస్టోక్లిస్ వారిని ఒప్పించి ఆ ధనంతో యుద్ధనౌకలు కట్టించాడు. సలామిస్‌లో గెలిచినవి ఆ నౌకలే. ఖనిజాన్ని దంచి, ఏటవాలు రాతిబల్లలపై నీటితో కడిగి, కొలిమిలో కరిగించి సీసం నుండి వెండిని వేరుచేసేవారు. కడిగిన నీటిని మళ్లీ వాడుకొనే తొట్లు, కాలువలు నేటికీ అక్కడ ఉన్నాయి. సొరంగాలు మనిషి నిటారుగా నిలువలేనంత ఇరుకు.

వాటిలో పనిచేసినవారు బానిసలు. నికియస్ అనే సేనాపతి తన వెయ్యిమంది బానిసలను, తలకు రోజుకొక ఓబల్ చొప్పున, గనులకు అద్దెకిచ్చాడని జెనోఫన్ నమోదు చేశాడు. ఓబల్ అంటే చిన్న వెండి నాణెం. అది అందినది యజమానికే. క్రీ.పూ. 413లో స్పార్టా సైన్యం అట్టికాలో తిష్ఠవేసినప్పుడు ఇరవైవేలకు పైగా బానిసలు పారిపోయారని థ్యుసిడిడిస్ రాశాడు. మరో మూడు శతాబ్దాలకు, క్రీ.పూ. 100 ప్రాంతంలో, గని బానిసలు తిరగబడి కాపలావారిని చంపారు; ఉదయం మనం గుర్తుంచుకొన్న ఆ సూనియన్ కోటనే పట్టుకొని, చాలాకాలం అట్టికాను కొల్లగొట్టారు.