ఎలియట్ తీరమున ఒక సాయంకాలము

విద్యార్థులారా! మన మనలికి తూర్పున కొన్ని కిలోమీటర్ల దూరముననే బంగాళాఖాతము కలదు. అయినను సెలవుదినమున పిల్లలు సముద్రమునకు పోవుదమని కోరినపుడు, పెద్దలు దక్షిణముగా ఇరువది కిలోమీటర్లకు మించి ప్రయాణముచేసి బెసంట్‌నగరులోని ఎలియట్ తీరమునకు తీసికొనిపోవుచుందురు. ఇంత దూరము పోవలసిన పనియేమి? అచట చూడదగినవేవి? అచట ఎట్లు మెలగవలెను? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదటి ప్రశ్నకు సమాధానము ఇసుకలోనే యున్నది. మనకు చేరువ తీరము తిరువొత్తియూరు. త్యాగరాజస్వామి అచటి త్రిపురసుందరీదేవిపై అయిదు కృతులను తెలుగున రచించెను గనుక ఆ ఊరిపేరు సంగీతము నెరిగిన తెలుగువారికి చిరపరిచితము. కాని నేడచట కడలియంచున చాలమేర కనబడునది ఇసుక కాదు, బండరాళ్ల కట్ట. కారణమేమనగా, ఈ తీరమున సంవత్సరములో అధికభాగము అలలు దక్షిణమునుండి ఏటవాలుగా వచ్చి ఇసుకను ఉత్తరమునకు నెట్టుచుండును. ఈశాన్య ఋతుపవన కాలమున కొన్ని నెలలు మాత్రమే అది దక్షిణమునకు మరలును. 1875లో శంకుస్థాపన జరిగిన మద్రాసు రేవునకై సముద్రములోనికి కట్టిన గోడలు ఈ ఇసుక నడకకు అడ్డుపడెను. రేవునకు దక్షిణమున ఇసుక నిలిచి మెరీనా విశాలమాయెను. ఉత్తరమున రాయపురము మొదలుకొని మనవైపు పోయిన ఇసుకకు బదులు ఇసుక రాలేదు. అలలు నేలను కోసివేయసాగెను. ఇండ్లు, వీధులు కొట్టుకొనిపోకుండుటకై రాళ్లు పేర్చవలసివచ్చినది. కావున ఇసుకలో ఆడుకొనుటకు మన పిల్లలు ఊరు దాటి పోవుచున్నారు.

ఇక ప్రయాణము. మనలినుండి బస్సులో తిరువొత్తియూరు చేరి, 2021లో అచటికి వచ్చిన మెట్రో రైలులో సెంట్రల్ వరకు పోయి, పిమ్మట బస్సులో బెసంట్‌నగరు చేరవచ్చును. బస్సులు ఆగు స్థలమునుండి సముద్రమునకు నడచి పోవచ్చును. సాయంకాలము నాలుగు గంటల తరువాత ఎండ తగ్గును. ఆదివారమున సందడి మిక్కుటము. నెమ్మదిగా చూడగోరువారు వేకువనే పోవుట మేలు. బంగాళాఖాతముపై సూర్యోదయమే గాని సూర్యాస్తమయము కనబడదని చిన్నపిల్లలకు ముందుగానే చెప్పవలెను!

ఈ తీరమునకు పూర్వము మద్రాసులో చీఫ్ మేజిస్ట్రేటుగా నుండిన ఎడ్వర్డ్ ఎలియట్ పేరును, పేటకు అనీబెసంట్ పేరును పెట్టిరి. ఇచట ఆడంబరము లేదు. ముసలివారు గట్టుపై కూర్చుండి మాటలాడుచుందురు. కళాశాల విద్యార్థులు గుంపులు గూడుదురు. పిల్లలు గాలిపటము లెగురవేయుదురు. కొబ్బరి, మామిడికాయ ముక్కలు కలిపిన బటానీ గుగ్గిళ్లను ఇచట సుండలందురు. అవి, కాల్చిన మొక్కజొన్న కంకులు, వేడి బజ్జీలు తినకుండ తిరిగివచ్చువారు అరుదు. దక్షిణపు కొసన అలలకు ఎదురుగా అష్టలక్ష్మీదేవి కోవెల, సమీపముననే వేళాంగణి మాత దేవాలయము కలవు. ఆగస్టు 29 మొదలు సెప్టెంబరు 8 వరకు జరుగు మాత ఉత్సవమునకు దూరగ్రామములనుండి జనులు కాలినడకన వత్తురు.

తెలుగు పిల్లలు మరియొక సంగతి తెలిసికొనవలెను. ఈ తీరమునకు ఉత్తరమున అడయారు నది కడలిలో కలియుచోట దివ్యజ్ఞానసమాజ స్థలము కలదు. మదనపల్లెలో 1895లో పుట్టిన తెలుగు బాలుడు జిడ్డు కృష్ణమూర్తి 1909లో ఆ ఇసుకలో ఆడుకొనుచుండగా సమాజ నాయకులలో నొకరు చూచి, ఇతడు జగద్గురువు కాగలడని తలచిరి. పెరిగి పెద్దవాడై 1929లో, తనకై యేర్పరచిన సంఘమును తానే రద్దుచేసి, సత్యమును ఎవరికివారే వెదకికొనవలెనని అతడు బోధించెను. కొంత దక్షిణమున తిరువాన్మియూరులో రుక్మిణీదేవి స్థాపించిన కళాక్షేత్రము కలదు. తంజావూరు సీమలో మేలట్టూరు వేంకటరామశాస్త్రి తెలుగున రచించిన ఉషాపరిణయమను భాగవతమేళ నాటకమును అది ప్రదర్శించినది. తమిళనాట మన భాష యింటికే పరిమితమని దిగులుపడు తల్లిదండ్రులు ఈ సంగతిని పిల్లలకు తప్పక చెప్పవలెను.

తీరము నడుమ తెల్లని కమానులతో ఒక కట్టడము కనబడును. ఫొటోలు తీసికొనువారే గాని దాని కథ నడుగువారు తక్కువ. 1930 డిసెంబరు 30వ తేదీన ఇచట ఇతరుల ప్రాణములు కాపాడబోయి మునిగిపోయిన ష్మిట్ అనువాని స్మారకమది. అతని సాహసమునకు నమస్కరింపుడు. అంతటితో ఆగక, అతడు మునిగిన సముద్రమునుగూర్చియు తెలిసికొనుడు.

అలలు ఒడ్డునకు తెచ్చిన నీరు మరల కడలిలోనికి పోవలెను గదా! ఒక్కొక్కచోట అది ఇరుకైన పాయగా కూడి వేగముగా లోనికి పరుగెత్తును. అచట అలలు విరుగక నీరు నిమ్మళముగా తోచును. అందుచే తెలియనివారు అదియే దిగుటకు అనువైన చోటని భ్రమింతురు. ఆ పాయలో చిక్కినవాడు ఒడ్డువైపు ఎదురీదినచో అలసి మునుగును. అతడు బెదరక, నీటిపై తేలుచు, చేయెత్తి కేకవేసి, ఈత వచ్చినచో ఒడ్డునకు సమాంతరముగా ప్రక్కకు ఈదవలెను. పాయ దాటినపిదప అలలతోపాటు ఒడ్డునకు రావచ్చును. ఒడ్డుననున్న మీరు తొందరపడి దూకరాదు. తాడో, తేలు వస్తువో విసరి, బెస్తవారిని పిలిచి, 112కు ఫోను చేయవలెను. సముద్రము హఠాత్తుగా వెనుకకు తగ్గిపోయినచో వింత చూడక దూరముగా పరుగెత్తవలెను. 2004 డిసెంబరు 26వ తేదీ నాటి ఉప్పెన మనకు నేర్పిన పాఠమిది.

ఈ ఇసుక మన ఆటకు మాత్రమే కాదు. ఇరుగుననున్న ఊరూరు కుప్పము బెస్తవారికి ఇదియే పనిచోటు. ఆరబెట్టిన వలలను త్రొక్కకుడు. జనవరి మొదలు కొన్ని నెలలు రాత్రివేళ సముద్రపు తాబేళ్లు ఇచటి ఇసుకలో గుంటకు సుమారు నూరేసి గ్రుడ్లు పెట్టును. వీధిదీపముల వెలుగును చూచి తాబేటి పిల్లలు దారితప్పును. 1988 నుండి విద్యార్థుల బృందమొకటి రాత్రులు ఈ తీరమున నడచి, గ్రుడ్లను కాపాడి, పిల్లలను కడలికి చేర్చుచున్నది. వారును మీవంటి విద్యార్థులే!

చెల్లెలిచేయి పట్టుకొని, మోకాలికి మించిన నీటిలోనికి పోక, తిన్న పొట్లపుకాగితమును బుట్టలో వేసి, చీకటిపడకముందే ఇల్లు చేరుడు. ఇసుక పోయినచో తీరము ఎట్లగునో మనలివారికి ఒకరు చెప్పనక్కరలేదు. కనుక ఉన్న తీరమును ఎట్లు చూచుకొనవలెనో తక్కినవారికి మనమే చూపవలెను.