సబ్జెక్ట్: సార్, అర్జెంట్

ఇంజనీరింగ్ పట్టా చేతికొచ్చినా నాలుగు వాక్యాల ఈ-మెయిల్ దగ్గర తడబాటు

గ్రేటర్ నోయిడాలోని నాలెడ్జ్ పార్క్‌లో ఎటు చూసినా ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్ కళాశాలలే. ప్లేస్‌మెంట్ల కాలం వచ్చిందంటే కంపెనీల ఇన్‌బాక్స్‌లు నిండిపోతాయి. సబ్జెక్ట్ గడిలో మాత్రం అరిగిపోయిన మాటలే: ‘సార్, అర్జెంట్’, ‘రిక్వెస్ట్’, ‘రెజ్యూమె’. లేదంటే ఖాళీ. పంపినవాడికి అది ఒక్కటే మెయిల్. అందుకున్న హెచ్ఆర్ అధికారికి గుట్టలో ఒకటి.

ఎవరు, ఎప్పుడు రాశారో చెప్పే గడులతో పాటు, దేని గురించి రాశారో చెప్పే ఆ గడిని 1973లోనే ఖాయం చేశారు. ‘ట్రైనీ ఇంజనీర్ ఉద్యోగానికి దరఖాస్తు, బీటెక్ ఈసీఈ, 2025’ అని రాస్తే పని అయిపోతుంది. ఆక్వా లైన్ మెట్రోలో నిలబడి ఫోన్‌లో చూసేవారికి తోక తెగిపోయి కనిపిస్తుంది కాబట్టి అసలు మాట ముందుండాలి.

లోపలి వాక్యాల సంగతి ఇంకాస్త చిక్కు. తెలుగువాడి ఇంగ్లిష్‌లో తెలుగు తొంగిచూస్తుంది. మనకు ‘ఎ’, ‘ద’లు లేవు గనుక అవి జారిపోతాయి. ‘ఈరోజే’లోని ‘ఏ’ కాస్తా ‘టుడే ఇట్‌సెల్ఫ్’ అవుతుంది. ‘గారు’కు ఇంగ్లిష్‌లో సాటి మాట దొరక్క ‘రెస్పెక్టెడ్ సార్’ ప్రత్యక్షం. ఇవేవీ నేరాలు కావు. ‘ప్రీపోన్’ ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకే ఎక్కింది. అయితే ‘ప్లీజ్ రివర్ట్’ అంటే జవాబివ్వమని మనకు అర్థమైనా, విదేశీ పాఠకుడు పాత స్థితికి వెళ్లమంటున్నారా అని తికమకపడొచ్చు. ‘డూ ద నీడ్‌ఫుల్’ అయితే ఏం చేయాలో చెప్పకుండానే చేయమంటుంది. పైగా ఈ ప్రాంతంలో కొరియా, జపాన్ కంపెనీల కర్మాగారాలూ ఉన్నాయి. చదివేవారికీ ఇంగ్లిష్ పరాయి భాషే అయినప్పుడు పొట్టి వాక్యమే మర్యాద.

ఇక కామా. అమెరికాలోని మెయిన్ రాష్ట్ర ఓవర్‌టైమ్ చట్టంలో ఒక్క కామా లేకపోవడంతో ‘ప్యాకింగ్’, ‘పంపిణీ’ వేర్వేరు పనులా, కాదా అన్న వివాదం రేగింది. 2017లో అప్పీల్ కోర్టు ఓక్‌హర్స్ట్ డెయిరీ డ్రైవర్ల వైపు మొగ్గింది. మరుసటి ఏడాది ఆ కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీపడింది.

మన దగ్గరా మెయిల్ తేలిక వ్యవహారం కాదు. 2007 అక్టోబర్‌లో ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం సంస్థల మధ్య ఐదు ఓడల బాక్సైట్ బేరం ఈ-మెయిళ్లలోనే నడిచింది. సంతకాల ఒప్పందం లేదు కదా అని వేదాంత వాదించింది. 2010 జనవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చి, మెయిళ్లలో కుదిరినదీ ఒప్పందమేనని తేల్చింది. ‘కన్ఫర్మ్‌డ్’ అని కొట్టే ముందు దేనికి కన్ఫర్మో రాయాల్సింది అందుకే: ఎంత సరుకు, ఏ ధర, ఏ తేదీ.

ఇప్పుడు వ్యాకరణం దిద్దడానికి కృత్రిమ మేధ సిద్ధంగా ఉంది. ‘ద’లు, కామాలు అదే చూసుకుంటుంది (కొన్నిసార్లు అవసరానికి మించిన వినయంతో). కానీ ఇంటర్వ్యూ మంగళవారమా, బుధవారమా అన్నది దానికి తెలియదు. రెజ్యూమె జత చేయడం మరిచిపోయారన్నది కూడా మెయిల్ వెళ్లిపోయాకే చాలామందికి గుర్తొస్తుంది.