అలుగు పంట తినదు.. చెదలు తింటుంది

వేరుశనగ చేలో అడవిపందుల కాపలాకు పోయినప్పుడు టార్చిలైటు వెలుగులో ఒక్కోసారి ఓ వింత జంతువు కనబడుతుంది. ఒంటినిండా పెంకుల్లాంటి పొలుసులు, లావుపాటి తోక. అలికిడి వింటే బంతిలా చుట్టుకుపోతుంది. అదే అలుగు. (చెరువు అలుగు కాదు సుమా!) కొందరు పంట మీదికి వచ్చిందని కర్ర ఎత్తుతారు. కొందరు లక్షలు పలుకుతుందట అని గోనెసంచి తెస్తారు. రెండూ పొరపాటే.

అలుగుకు పళ్లే లేవు. కాయ కొరకలేదు, దుంప నమలలేదు. దాని తిండి చీమలు, చెదలు, వాటి గుడ్లు. ముందుకాళ్ల గోళ్లతో పుట్టను తవ్వి, జిగురుగా ఉండే పొడుగాటి నాలుకను లోపలికి పోనిచ్చి, అంటుకున్నవాటిని మింగేస్తుంది. చీమలు దూరకుండా ముక్కు, చెవులు మూసుకుంటుంది. చేలో మన్ను దున్నినట్టు తిరగేసి కాయలు తినిపోతే అది అడవిపంది పని. దుంపలు కొరికి, అక్కడక్కడ ముళ్లు రాలి ఉంటే ముళ్లపంది. చెదపుట్ట దగ్గర మాత్రమే గుంట తవ్వి ఉంటే అలుగు వచ్చిపోయిందని గుర్తు.

వేరుశనగ, మిరప, చెరకు, కొత్తగా నాటిన మామిడి మొక్కలను చెదలు ఎట్లా తినేస్తాయో మీకు చెప్పనక్కర్లేదు. అలుగు ఉన్నంత మాత్రాన చెదలు పూర్తిగా పోతాయని కాదు. పశువుల ఎరువు బాగా చివికాకే వేయాలి, చేలో ఎండిన మోళ్లు ఏరెయ్యాలి. కానీ ఖర్చు లేకుండా రాత్రంతా పనిచేసే జీవాన్ని ఎందుకు పోగొట్టుకోవాలి? గట్టుకు బొరియ చేస్తుందన్న ఫిర్యాదు మాత్రం నిజమే. లోపల ఏమీ లేదని తేలాకే పూడ్చండి. పొగ పెట్టవద్దు.

ప్రపంచంలో 8 రకాల అలుగులుంటే 4 ఆసియాలో, 4 ఆఫ్రికాలో ఉన్నాయి. మన నల్లమల, తూర్పు కనుమల అడవుల్లో, గుట్టల పక్క బీళ్లలో ఉండేది భారత అలుగు. శ్రీలంక, నేపాల్, పాకిస్తాన్‌లలోనూ ఇదే ఉంది. టీవీలో చూపించే ఆర్మడిల్లో అమెరికా ఖండాలది. చూపుకు పోలికే తప్ప రెంటికీ చుట్టరికం లేదు. అలుగు ఈతకు సాధారణంగా ఒకే పిల్లను కంటుంది. తల్లి దాన్ని తోక మీద ఎక్కించుకుని తిరుగుతుంది. అందుకే ఒకసారి తగ్గితే మళ్లీ పెరగడం చాలా కష్టం.

ఇక లక్షల మాట. పొలుసు అంటే మన గోరులో ఉండే పదార్థమే. చైనా వైద్యంలో వాడతారని దొంగ వ్యాపారం పుట్టింది. 2020లో చైనాయే తన అధికారిక ఔషధ గ్రంథంలోని ముడిమందుల జాబితా నుంచి దీన్ని తీసేసింది. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 మొదటి షెడ్యూలులో అలుగు ఉంది. పట్టినా, చంపినా, అమ్మినా 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం రూ. 25,000 జరిమానా. బేరం కుదిర్చేవాడు ఫోనులోనే ఉంటాడు. సంచితో దొరికేది మాత్రం పట్టినవాడే. ఎకరం అమ్మినా ఆ కేసు తెగదు.

పందుల కోసం లాగే కరెంటు తీగ మరో ప్రమాదం. దక్షిణాఫ్రికాలో కరెంటు కంచెల వల్లే ఎన్నో అలుగులు చస్తున్నాయి. తీగ తగలగానే బెదిరి దాని చుట్టే చుట్టుకుంటుంది మరి. మన చేలల్లో అదే తీగకు మనుషులూ బలవుతున్నారు. అది నేరం కూడా.

అలుగు పాడుబడ్డ బావిలో పడితేనో, గాయంతో కనబడితేనో ఫారెస్టు వాళ్లకు కబురు చేయండి. చేలో మామూలుగా కనబడితే ఏమీ చేయనక్కర్లేదు. చుట్టుకున్నదాన్ని బలవంతంగా విప్పవద్దు. కుక్కలను కట్టేసి, లైటు ఆర్పి పక్కకు జరగండి. కొంతసేపటికి అదే విప్పుకుని తన దారిన పోతుంది.