జీరో బిల్లు వచ్చే ఇంట్లో కూడా బిల్లు చదవాలి
గృహజ్యోతి లబ్ధిదారులకు: గడువు తేదీ, 200 యూనిట్లు, ఆలస్య రుసుము గురించి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల్లో తెల్ల రేషన్ కార్డు ఉన్న చాలా ఇళ్లకు ఇప్పుడు కరెంటు బిల్లు సున్నా వస్తున్నది. ప్రజాపాలనలో దరఖాస్తు పెట్టి, రేషన్ కార్డు, ఆధార్, కరెంటు సర్వీసు నంబరు జత అయిన ఇళ్లకు గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. పథకం 2024 ఫిబ్రవరి 27న మొదలైంది. మార్చి నుంచి జీరో బిల్లులు చేతికి వస్తున్నాయి.

మంచిదే. కానీ దీనితో ఒక కొత్త అలవాటు కూడా వచ్చింది. "మాకు జీరో బిల్లే కదా, చూసుడెందుకు?" అని బిల్లు కాగితాన్ని తలుపు సందులోనో టీవీ కిందనో పెట్టి మరిచిపోతున్నాం. పదకొండు నెలలు సున్నా వచ్చి, ఒక్క నెల సున్నా కాకపోతే ఆ సంగతి తెలిసేసరికి గడువు దాటిపోతుంది. ఆ ఒక్క నెల గురించే ఈ కాగితం.

200 దాటితే ఏమైతది?

చాలామంది అనుకునేది ఇది: "205 యూనిట్లు కాలితే, పైన ఉన్న 5 యూనిట్లకు కడితే సరిపోతది." అది తప్పు. 200 దాటిన నెలలో ఉచితం మొత్తం పోతుంది. మొదటి యూనిట్ నుంచి చివరి యూనిట్ వరకు కట్టాలి. అదీ ఎక్కువ రేటుతో.

2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం లెక్క చూడండి.

• 200 యూనిట్లు కాలితే: మొదటి 100 యూనిట్లు రూ.3.40 చొప్పున, తర్వాతి 100 యూనిట్లు రూ.4.80 చొప్పున. కరెంటు చార్జీ రూ.820. గృహజ్యోతి ఉంటే మీరు కట్టేది సున్నా.

• 201 యూనిట్లు కాలితే: మొదటి 200 యూనిట్లకు రూ.5.10 చొప్పున రూ.1,020. ఆ ఒక్క యూనిట్‌కు రూ.7.70. మొత్తం రూ.1,027.70.

• 215 యూనిట్లు కాలితే: రూ.1,020, పైన 15 యూనిట్లకు రూ.115.50. మొత్తం రూ.1,135.50.

వీటికి తోడు కస్టమర్ చార్జీ, ఫిక్స్‌డ్ చార్జీ, యూనిట్‌కు 6 పైసల విద్యుత్ సుంకం కలుస్తాయి. అంటే ఒక్క యూనిట్ తేడాతో సున్నా బిల్లు వెయ్యి రూపాయలు దాటుతుంది. బీడీ కార్మికులకు, చేనేత కార్మికులకు వచ్చే పింఛను నెలకు రూ.2,016. అందులో సగానికి పైగా ఈ ఒక్క బిల్లుకే పోతుంది.

కట్టకపోతే ఏమైతది?

కోరుట్లలో ఒక ఇల్లు అనుకుందాం. ఆయన దుబాయిలో ఉంటడు. ఆమె బీడీలు చేస్తది. మే నెల ఎండకు పిల్లలు, ముసలామె తట్టుకోలేక కూలర్ రాత్రీపగలు నడిచింది. 215 యూనిట్లు కాలినయి. బిల్లు వచ్చిన రోజు ఆమె కార్ఖానాకు బీడీలు అప్పజెప్పడానికి పోయింది. ముసలామె కాగితం తీసి దాచిపెట్టింది. రోజూ వచ్చే జీరో బిల్లే అనుకున్నది. నెల తిరిగింది.

ఇప్పుడు నాలుగు నష్టాలు వరుసగా వస్తాయి.

1. గడువు దాటినందుకు ఆలస్య రుసుము పడుతుంది. ఇది చిన్న మొత్తమే కావచ్చు. అసలు నష్టం దీని తర్వాత ఉన్నది.

2. బకాయి ఉన్న ఇంటికి, ఆ బకాయి కట్టేదాకా జీరో బిల్లు ఇవ్వరు. జూన్‌లో వానలు పడి, కూలర్ బంద్ చేసి, 120 యూనిట్లే కాల్చినా సరే, మే బకాయి అడ్డం పడుతుంది. ఒక నెల మరుపు రెండు మూడు నెలల బిల్లుగా మారేది ఇక్కడే.

3. అప్పటికీ కట్టకపోతే కనెక్షన్ తీసేస్తారు. విద్యుత్ చట్టం 2003, సెక్షన్ 56 ప్రకారం కరెంటు కట్ చేసే ముందు కనీసం 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు వస్తే పక్కన పడేయకండి.

4. కట్ చేసిన కరెంటు మళ్లీ కలపాలంటే బకాయితో పాటు రీకనెక్షన్ చార్జీ కూడా కట్టాలి.

దుబాయి పైసలు నెలాఖరుకు వస్తాయి, బిల్లు గడువు మధ్యలో పడుతుంది. అందుకే పైసలు వచ్చినంక చూద్దాం అనుకోకుండా, బిల్లు వచ్చిన రోజే మొత్తం ఎంతో, చివరి తేదీ ఏదో ఇంట్లో అందరికీ తెలియాలి. ఆయనకు కూడా బిల్లు ఫొటో పంపండి. దుబాయి నుంచి కూడా ఫోన్‌లో సర్వీసు నంబరు కొట్టి బిల్లు ఎంతో చూడవచ్చు.

బిల్లు మీద ఐదు చోట్ల చూడండి

బిల్లు మొత్తం చదవక్కర లేదు. ఈ ఐదు చూస్తే చాలు.

1. కట్టవలసిన మొత్తం. సున్నా ఉన్నదా? లేకపోతే ఎంత ఉన్నది?

2. యూనిట్లు. ఈ నెల ఎన్ని కాలినయి? 180, 190 అని ఉంటే వచ్చే నెల జాగ్రత్త.

3. రెండు రీడింగులు. పోయిన నెల రీడింగు, ఈ నెల రీడింగు ఉంటాయి. ఈ నెల అంకెను మీటరు మీద ఉన్న అంకెతో పోల్చండి. మీటరు మీది అంకె బిల్లు మీది అంకె కన్నా తక్కువ ఉంటే రీడింగు తప్పు.

4. తేదీలు. ఎన్ని రోజుల వాడకానికి బిల్లు వేశారో చూడండి. నెల కన్నా చాలా ఎక్కువ రోజులైతే సెక్షన్ ఆఫీసులో అడగండి. చివరి తేదీ సాధారణంగా బిల్లు ఇచ్చిన రెండు వారాలకు ఉంటుంది. దాని చుట్టూ పెన్నుతో గీత గీయండి.

5. పాత బకాయి. ఇక్కడ ఏ అంకె ఉన్నా వెంటనే కారణం తెలుసుకోండి.

బిల్లు కాగితం మీది అక్షరాలు కొన్ని నెలలకు మాసిపోతాయి. అందుకని వచ్చిన రోజే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. ఇంటికి తాళం ఉంటే రీడింగు తీయకుండా సగటు బిల్లు వేసే వీలుంది. ఊరికి పోయేటప్పుడు పక్కింటి వాళ్లకు చెప్పి పోండి.

ఎక్కడ కట్టాలి?

జగిత్యాల, కోరుట్ల ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థ కిందికి వస్తాయి. దాని పేరు 2024 నుంచి టీజీఎన్‌పీడీసీఎల్.

సిరిసిల్లది వేరు. అక్కడ కరెంటు ఇచ్చేది సహకార విద్యుత్ సరఫరా సంఘం, అందరూ పిలిచే పేరు 'సెస్'. 1970 నుంచి నడుస్తున్నది. సెస్ ఉత్తర సంస్థ దగ్గర కరెంటు కొని జిల్లాలో పంచుతుంది. వినియోగదారులే సభ్యులు, పాలకవర్గాన్ని ఓటుతో ఎన్నుకుంటారు. గృహజ్యోతి సెస్ వినియోగదారులకు కూడా వర్తిస్తుంది.

ఇది ఎందుకు చెప్తున్నామంటే, ఫోన్‌లో బిల్లు కట్టేటప్పుడు సంస్థ పేరు తప్పుగా ఎంచుకుంటే మీ బిల్లు కట్టినట్టు కాదు. బిల్లు మీద ఏ పేరు ఉన్నదో అదే ఎంచుకోండి. సర్వీసు నంబరు కొట్టినంక తెర మీద మీ ఇంటి యజమాని పేరు వస్తుంది. ఆ పేరు చూసినాకనే పైసలు పంపండి.

ఫోన్ రాని వాళ్లు మీసేవలో, విద్యుత్ ఆఫీసు కౌంటర్‌లో, సిరిసిల్లలో సెస్ కౌంటర్‌లో కట్టవచ్చు. ఇంకొకరి చేత కట్టిస్తే రసీదు అడిగి తీసుకోండి. చివరి రోజు దాకా ఆగకండి. 2024 జూలైలో తెలంగాణ కరెంటు బిల్లులు ఫోన్‌పే, గూగుల్‌పే వంటి యాప్‌లలో కట్టే వీలు కొన్నాళ్లు ఆగిపోయింది. ఫోన్ ఒక్కటే తెలిసిన వాళ్లు అప్పుడు ఇబ్బంది పడ్డారు. కౌంటర్ ఎక్కడ ఉన్నదో, ఏ వేళల్లో తెరుస్తారో తెలిసి ఉండాలి.

బిల్లు తప్పు అనిపిస్తే

కట్టకుండా ఇంట్లో కూర్చుంటే తప్పు సరి కాదు, బకాయి మాత్రం పెరుగుతుంది. చివరి తేదీకి ముందే ఈ పని చేయండి.

• మీటరు అంకె కనపడేటట్టు ఫొటో తీయండి.

• బిల్లు, ఫొటో, రేషన్ కార్డు, ఆధార్ తీసుకుని సెక్షన్ ఆఫీసుకు లేదా సెస్ ఆఫీసుకు పోండి. ఫిర్యాదు నంబరు రాయించుకోండి.

• ఉత్తర సంస్థ పరిధిలో ఉంటే 1912కు ఫోన్ చేయవచ్చు.

• అక్కడ పరిష్కారం కాకపోతే విద్యుత్ వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వవచ్చు.

అర్హత ఉండి కూడా జీరో బిల్లు రాకపోతే ముందు సర్వీసు నంబరు సరిగ్గా జత అయిందా చూడాలి. ఎంపీడీవో ఆఫీసులో లేదా మున్సిపల్ ఆఫీసులో ఉన్న ప్రజాపాలన సేవా కేంద్రంలో అడగండి. కిరాయి ఇంట్లో ఉండే వాళ్లు తాము ఉంటున్న ఇంటి మీటరు నంబరే ఇచ్చారా అని సరిచూసుకోవాలి.

200 లోపల ఉండాలంటే

నెలకు 200 అంటే రోజుకు సుమారు ఆరున్నర యూనిట్లు. వెయ్యి వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. ఈ లెక్క యాదికి పెట్టుకోండి.

• 75 వాట్ల ఫ్యాన్ రోజుకు 10 గంటలు: నెలకు 22 యూనిట్ల పైన.

• 200 వాట్ల కూలర్ రోజుకు 12 గంటలు: నెలకు 72 యూనిట్లు.

• 1,500 వాట్ల నీళ్ల హీటర్ రోజుకు ఒక గంట: నెలకు 45 యూనిట్లు.

• 60 వాట్ల పాత బల్బు రోజుకు 6 గంటలు: నెలకు దాదాపు 11 యూనిట్లు. దాని బదులు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు అయితే 2 యూనిట్ల లోపే.

ఎండాకాలంలో పదిహేను రోజులకు ఒకసారి మీటరు చూడండి. బిల్లు మీది రీడింగు నుంచి అప్పటికే 110 యూనిట్లు కాలితే, మిగిలిన పదిహేను రోజులు కొంచెం తగ్గించుకోవాలి. ఎండలో పిల్లలను, పెద్దవాళ్లను ఇబ్బంది పెట్టి కూలర్ ఆపమని చెప్పడం లేదు. దాటక తప్పదనిపిస్తే ఆ నెలకు సరిపడా పైసలు ముందే పక్కన పెట్టుకోండి.

సిరిసిల్లలో ఇంటి దగ్గరే సాంచాలు ఉన్నవాళ్లకు ఒక మాట. గృహజ్యోతి ఇంటి వాడకానికే. ఇంటి మీటరు నుంచి సాంచాకు గాని, దుకాణానికి గాని కరెంటు వాడితే పథకం పోవడమే కాదు, చట్టప్రకారం చర్య కూడా ఉంటుంది. సాంచాకు వేరే మీటరు, వేరే బిల్లు. ఆ బిల్లు గడువు కూడా వేరే రాసి పెట్టుకోండి.

ఇంటి పన్ను, సంఘం కిస్తీ కూడా ఇంతే

మున్సిపాలిటీలో ఇంటి పన్ను ఆలస్యమైతే నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. రూ.2,000 బాకీ ఏడాది ఆగితే వడ్డీయే రూ.480. ప్రభుత్వం రాయితీ ప్రకటించిన సంవత్సరం ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం తగ్గుతుంది, అంటే రూ.100 మిగులుతుంది. మహిళా సంఘం బ్యాంకు అప్పు కిస్తీలు గడువులో కడితేనే వడ్డీ లేని రుణం లాభం అందుతుంది. ఆలస్యం చేస్తే ఆ వడ్డీ సంఘం మీద పడుతుంది.

మోసపోకండి

"మీ బిల్లు కట్టలేదు, ఈ రాత్రికే కరెంటు కట్ చేస్తున్నాం, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని మెసేజ్ వస్తే నమ్మకండి. లింకు నొక్కకండి. ఓటీపీ చెప్పకండి. బిల్లు మీ చేతిలో ఉన్నది, అందులో బకాయి ఉన్నదో లేదో మీకే తెలుస్తుంది. అనుమానం ఉంటే ఆఫీసుకు పోయి అడగండి. పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

గుర్తుంచుకోండి

• బిల్లు వచ్చిన రోజే మొత్తం, యూనిట్లు, చివరి తేదీ చూడాలి.

• 200 దాటిన నెల బిల్లు గడువులోపల కట్టాలి. కడితే, వచ్చే నెల వాడకం 200 లోపల ఉంటే, మళ్లీ జీరో బిల్లు వస్తుంది.

• తప్పు ఉంటే గడువుకు ముందే అడగాలి. రసీదు దాచుకోవాలి.

ఈ కాగితాన్ని మీ సంఘం గ్రూపులో, వాడకట్టు గ్రూపులో పంపండి. చదవడం రాని పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో బిల్లు చూసే పని ఒక పిల్లకో పిల్లగానికో అప్పజెప్పండి. నెలకు ఒక్క నిమిషం పని.